మామ బోటు, రెండు రిలేలు, ఒక పాఠం

పోయిన వేసవి సెలవుల్లో మా మామ బోటు ఇంజన్‌కి ఎలక్ట్రిక్ టిల్ట్ వైరింగ్ నేనే చేశాను. పదకొండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. పన్నెండో రోజు బటన్ మీంచి వేలు తీసినా మోటారు ఆగలేదు.

మూడో సంవత్సరం ఈఈఈ చదువుతున్నాను. డీసీ మోటార్ ల్యాబ్‌లో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ రోజు మామ నాకంటే ముందు మోటారుని ఆపాడు, అదీ సర్క్యూట్ గురించి ఒక్క ముక్క తెలియకుండా. అదెలా జరిగిందో అర్థం కావాలంటే ముందు ఆ సర్క్యూట్ ఏంటో తెలియాలి. అందుకే ఈ వ్యాసం. సివిల్ వాళ్ళు, సీఎస్ఈ వాళ్ళు కూడా భయపడకండి. టెన్త్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు.

అసలు టిల్ట్ ఎందుకు?

మాది తడ దగ్గర, పులికాట్ ఒడ్డున. 2022లో జిల్లాలు మారాక మేమూ తిరుపతి జిల్లా వాళ్ళమే అయ్యాం. చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పేరుకి అంత పెద్దదే గానీ లోతు మాత్రం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి, కాళంగి లాంటి నదుల నీళ్ళకి నిండుతుంది. వేసవి వచ్చేసరికి చాలా చోట్ల మోకాటి లోతు. కొన్ని చోట్ల బురద, ఉప్పు తేలి కనిపిస్తాయి.

అలాంటి నీళ్ళలో బోటు వెనక పలకకి అవుట్‌బోర్డ్ ఇంజన్ వేలాడుతూ ఉంటుంది. దాని కాలు, అడుగున ప్రొపెల్లర్, బోటు అడుగుకంటే కిందికి దిగి ఉంటాయి. నీళ్ళు తగ్గగానే ముందు నేలకి తగిలేది అదే. మామ వాళ్ళు ప్రొపెల్లర్‌ని ఫ్యాను అంటారు. ఫ్యాను బురదలో దిగితే ఇంజన్ గింజుకుంటుంది, రాయికి తగిలితే రెక్క పోతుంది. కాబట్టి లోతు తగ్గిన ప్రతిసారీ ఇంజన్‌ని వెనక్కి వంచి పైకి లేపాలి. అదే టిల్ట్.

దీనికి చిన్న తమ్ముడు ట్రిమ్. బోటు పరిగెడుతున్నప్పుడు ఇంజన్ కోణాన్ని కొన్ని డిగ్రీలు మాత్రమే అటూ ఇటూ మార్చడం. ఇంజన్ కొద్దిగా లోపలికి వంగితే బోటు ముక్కు దిగుతుంది, బయటికి వంగితే ముక్కు లేస్తుంది. సరస్సుకి అవతలి ఒడ్డున శ్రీహరికోటలోనూ ఇదే సూత్రం. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో వికాస్ ఇంజన్‌ని కొద్ది డిగ్రీలు వంచే రాకెట్ దిశ మారుస్తారు. నెట్టే బలం దిశ మారితే నెట్టబడేది తిరుగుతుంది, అంతే.

మామ కొన్నది 40 హార్స్‌పవర్ సెకండ్‌హ్యాండ్ ఇంజన్. దాదాపు తొంభై కేజీలు. పవర్ టిల్ట్ ఉన్న మోడలే, కానీ రిలేలు లేవు, వైర్లు కోసేసి ఉన్నాయి. రోజుకి ఇరవై, ముప్పై సార్లు వంగి చేత్తో లేపుతున్నాడు. నడుం పట్టేసి రెండు వారాలు వేటకి పోలేదని అమ్మ చెప్పింది. నేను ఇంటికి పోగానే మామ అడిగిన మొదటి మాట: "ఏం అల్లుడా, కరెంటు చదువు చదువుతుండావు గదా, దీన్ని లేపుతావా?"

లోపల ఏముంది?

ఇంజన్‌ని పట్టుకునే బ్రాకెట్ల మధ్య ఒక హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది. దాని పక్కనే చిన్న గేర్ పంపు, పంపుని తిప్పడానికి 12 వోల్టుల డీసీ మోటారు. మోటారు ఒకవైపు తిరిగితే ఆయిల్ పిస్టన్ కిందికి చేరి ఇంజన్‌ని లేపుతుంది. వ్యతిరేకంగా తిరిగితే ఆయిల్ పైవైపుకి చేరి దించుతుంది. పిస్టన్ చివరికంటా వచ్చాక కూడా బటన్ నొక్కి పట్టుకుంటే ఏమీ పగలకుండా రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ తిరిగి ట్యాంకులోకి పోతుంది.

అంటే మన ఎలక్ట్రికల్ పని ఒక్కటే: మోటారుని రెండు దిక్కులా తిప్పగలగాలి. మామ ఇంజన్‌లో మోటారుకి రెండే వైర్లు ఉన్నాయి, అంటే పర్మనెంట్ మాగ్నెట్ మోటారు. వైర్లు తారుమారు చేస్తే దిక్కు మారుతుంది. మూడు వైర్లున్న పాత మోటార్లు కూడా ఉంటాయి. వాటిలో రెండు ఫీల్డ్ వైండింగులుంటాయి, వైరింగ్ వేరు. కాబట్టి మీరెప్పుడైనా దిగితే ముందు వైర్లు లెక్కపెట్టండి. యమహా ఇంజన్లలో నీలం జాతి రంగు పైకి, ఆకుపచ్చ జాతి రంగు కిందికి. కానీ సెకండ్‌హ్యాండ్ ఇంజన్‌లో రంగుని నమ్మకూడదు. ఎవరెప్పుడు ఏ వైరు అతికించారో ఎవరికి తెలుసు? బ్యాటరీ ఒక్క క్షణం తగిలించి ఏది ఏదో చూసుకున్నాను.

ఇంకో జాగ్రత్త. ఇంజన్ పైకి లేచి ఉండగా దాని కింద చెయ్యి పెట్టాల్సి వస్తే టిల్ట్ లాక్ లివర్ వేసిన తర్వాతే పెట్టాలి. తొంభై కేజీల కింద ఆయిల్ ప్రెషర్‌ని నమ్మి వేళ్ళు పెట్టకండి.

రెండు రిలేల కథ

మోటారుకి పదుల ఆంపియర్లు కావాలి. అంత కరెంట్ థ్రాటిల్ దగ్గరుండే బొటనవేలు బటన్‌లోంచి పంపలేం. అందుకే బటన్ రిలేకి చెబుతుంది, రిలే మోటారుకి చెబుతుంది. రిలే కాయిల్‌కి 200 మిల్లీఆంపియర్లు కూడా అక్కర్లేదు, సన్న వైరు చాలు.

కార్లలో వాడే ఐదు కాళ్ళ రిలే తీసుకోండి. 85, 86 కాయిల్ కాళ్ళు. 30 మధ్య కాలు. కాయిల్‌లో కరెంట్ లేనప్పుడు 30 పోయి 87ఏ మీద ఆనుకుని ఉంటుంది. కరెంట్ రాగానే దాన్ని వదిలి 87 మీదకి దూకుతుంది.

ఇలాంటివి రెండు. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండింటి 30 కాళ్ళు మోటారు రెండు వైర్లకి. రెండింటి 87లు బ్యాటరీ పాజిటివ్‌కి. రెండింటి 87ఏలు నెగటివ్‌కి. ఇంతే వైరింగ్.

ఇప్పుడు మూడు స్థితులు చూడండి.

ఏ బటనూ నొక్కలేదు: మోటారు రెండు వైర్లూ నెగటివ్‌కే ఆనుకుని ఉన్నాయి. రెండు చివర్లా ఒకే వోల్టేజ్, మోటారు కదలదు. పైగా రెండు చివర్లూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి తిరుగుతున్న మోటారు జనరేటర్‌లా మారి తనకి తానే బ్రేక్ వేసుకుంటుంది.

పైకి నొక్కాం: మొదటి రిలే 87 మీదకి దూకింది. కరెంట్ పాజిటివ్ నుంచి మొదటి రిలే, మోటారు, రెండో రిలే 87ఏ గుండా నెగటివ్‌కి పోతుంది. ఇంజన్ లేస్తుంది. కిందికి నొక్కితే ఇదే అద్దంలో.

రెండూ ఒకేసారి నొక్కాం: మోటారు రెండు చివర్లూ పాజిటివ్ మీద. మళ్ళీ తేడా సున్నా, మోటారు కదలదు. షార్ట్ కూడా కాదు. బ్యాటరీ పాజిటివ్, నెగటివ్ నేరుగా కలిసే దారి ఇందులో లేదు.

ఈ మూడో స్థితి ల్యాబ్ రికార్డులో నేను రాయలేదు, ఎవరూ అడగలేదు కూడా. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను చేసిన వైరింగ్

బ్యాటరీ బోటు మధ్యలో, బరువు సమానంగా ఉండాలని. అక్కణ్ణుంచి వెనక పలకకి నాలుగు మీటర్లు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉంటే అదే లాగాను. ఇరవై ఆంపియర్లు మోస్తుంది కదా అనుకున్నాను. కారు రిలేలు రెండు కొన్నాను. పైన 40, 30 ఆంపియర్లు అని రెండు అంకెలున్నాయి. పెద్దదే చూశాను, చిన్నది చూడలేదు. 30 ఆంపియర్ల ఫ్యూజ్ రిలేల డబ్బాలోనే, వెనక సీటు కింద పెట్టాను.

మొదటిసారి మామ బటన్ నొక్కినప్పుడు ఇంజన్ గుర్రుమని లేస్తుంటే ఒడ్డు మీద పిల్లలు కేకలేశారు. పూర్తిగా లేవడానికి పన్నెండు సెకన్లు. మామ ఏమీ అనలేదు. నాలుగైదు సార్లు లేపి, దించి, "బాగుండాది" అన్నాడు. మా ఇళ్ళలో అదే పెద్ద అవార్డు.

పన్నెండో రోజు

సాయంత్రం ఒడ్డుకి వస్తున్నాం. నీళ్ళు మోకాటి లోతు. మామ ఇంజన్ ఆపి, టిల్ట్ పైకి నొక్కాడు. పూర్తిగా లేచింది. ఆయనకో అలవాటు, లేచాక కూడా నమ్మకం కోసం టక్ టక్ టక్ అని నాలుగుసార్లు నొక్కుతాడు. ఆ రోజూ నొక్కాడు. వేలు తీశాడు. పంపు ఆగలేదు. గొంతు మారి, అరుస్తున్నట్టుగా తిరుగుతోంది.

నేను బటన్ పీకి చూశాను. ఆగలేదు. ఫ్యూజ్ తీద్దామంటే సీటు కింద డబ్బా, దాని మీద వలలు. ఈలోపు మామ, ఎద్దుని వెనక్కి అదిలించినట్టు, బటన్ మళ్ళీ తగిలించి కిందికి నొక్కాడు. పంపు ఠక్కున ఆగింది. కిందికి మాత్రం దిగలేదు. వేలు తీశాడు, మళ్ళీ అరుపు. నొక్కాడు, ఆగింది.

"నేను పట్టుకుంటా, నువ్వు బ్యాటరీ పీకు!"

పది నెంబరు స్పానర్‌తో టెర్మినల్ విప్పాను. వైరు లేవగానే మంచి నిప్పురవ్వ. అప్పుడే చూశాను, పెట్రోలు ట్యాంకు మూత నా మోచేతికి రెండు అడుగుల దూరంలో ఉంది. గాలి వీస్తోంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏం జరిగింది?

మర్నాడు రిలే విప్పితే పైకి రిలేలో 30, 87 కాంటాక్టులు వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. మామ ఎలా ఆపాడో అప్పుడు వెలిగింది. మోటారు ఒక చివర పాజిటివ్‌కి అతుక్కుపోయింది. ఆయన కిందికి నొక్కగానే రెండో చివర కూడా పాజిటివ్‌కి వెళ్ళింది. తేడా సున్నా. అదే నేను రికార్డులో రాయని మూడో స్థితి.

ఇది మామకి చెప్పాలి. పొటెన్షియల్ డిఫరెన్స్ అంటే ఆయనకేం తెలుస్తుంది అనుకుని, "రెండు పక్కలా సమానంగా లాగితే తాడు కదలదు కదా మామా, అట్లా" అన్నాను. "ఆ మాట ముందే చెప్పుంటే నేనే ఆపుకునే వాణ్ణి గదా" అన్నాడు. నిజమే. ఆపే దారి సర్క్యూట్‌లోనే ఉంది. వాడే మనిషికి నేను చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు. తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పాల్సి వచ్చేదాకా అది నాకు పూర్తిగా అర్థం కాలేదన్నది ఒప్పుకోవాల్సిన సంగతి.

కాంటాక్టు ఎందుకు అతుక్కుంది? లెక్క వేద్దాం. ల్యాబ్‌లో సార్‌ని అడిగి డీసీ క్లాంప్ మీటర్ తెచ్చి కొలిచాను. ఇంజన్ లేస్తున్నప్పుడు దాదాపు 20 ఆంపియర్లు. పూర్తిగా లేచి రిలీఫ్ వాల్వ్ మీద తిరిగేటప్పుడు 30 దాకా. ఇక మోటారు ఆగిన చోటు నుంచి కదిలే క్షణంలో బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు కాబట్టి నడిచే కరెంట్‌కి మూడు రెట్ల పైనే లాగుతుంది. 60 అనుకుందాం.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకి దాదాపు 7 మిల్లీఓమ్‌లు. పోను నాలుగు, రాను నాలుగు, మొత్తం 8 మీటర్లు: 56 మిల్లీఓమ్‌లు. 20 ఆంపియర్ల దగ్గర 1.1 వోల్టు పోతుంది, పర్వాలేదనిపిస్తుంది. 60 దగ్గర 3.4 వోల్టులు. బ్యాటరీ సొంత తగ్గుదల కలిపితే రిలే దగ్గర 9 వోల్టులు కూడా మిగలవు. కాయిల్‌కి కూడా నేను అదే వైరు నుంచి కరెంట్ ఇచ్చాను. సరిగ్గా కాంటాక్టు గట్టిగా అదమాల్సిన క్షణంలోనే కాయిల్ బలం తగ్గింది. కాంటాక్టు చిన్నగా ఎగిరి ఎగిరి కూర్చుంది, ప్రతి ఎగురుకీ ఒక నిప్పురవ్వ. మామ టక్ టక్ అన్న ప్రతిసారీ ఇదే. పన్నెండో రోజుకి లోహం కరిగి అతుక్కుంది.

తప్పు మామ అలవాటుది అనుకోవడం తేలిక. కానీ బటన్ అంటేనే ఎవరైనా టక్ టక్ నొక్కేది. దాన్ని తట్టుకోవడం వైరింగ్ పని.

ఇక ఆ రెండు అంకెలు. 40 అనేది 87 వైపు, 30 అనేది 87ఏ వైపు. పైకి లేపేటప్పుడు తిరుగు కరెంట్ మొత్తం రెండో రిలే 87ఏ గుండానే పోతుందని చూశాం కదా. అంటే నా సర్క్యూట్ అసలు సామర్థ్యం చిన్న అంకె, 30.

ఫ్యూజ్ ఎందుకు కాలలేదు? 30 ఆంపియర్ల ఫ్యూజ్ 30 దగ్గర కాలదు, కాలకూడదు కూడా. ఫ్యూజ్ ఉన్నది వైరుని షార్ట్ నుంచి కాపాడటానికి. మోటారుని ఆపే స్విచ్ పని దానిది కాదు. పైగా నేను దాన్ని వైరు చివర పెట్టాను. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న నాలుగు మీటర్ల పాజిటివ్ వైరు ఎక్కడైనా ఒరిసి నెగటివ్‌కి తగిలి ఉంటే ఏ ఫ్యూజూ ఆపేది కాదు.

రెండోసారి వైరింగ్

10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాను. నిరోధం నాలుగో వంతుకి తగ్గింది. 8 మీటర్లకి 14 మిల్లీఓమ్‌లు. 60 ఆంపియర్లకి కూడా ఒక వోల్టు లోపే పోతుంది. ఈసారి వైరు తగరం పూత ఉన్నది. మొదటి వైరు కోసి చూస్తే పన్నెండు రోజులకే చివర్లలో పచ్చగా చిలుము మొదలైంది. ఉప్పునీళ్ళు రాగి పోగుల మధ్య దారం మీద నూనెలా పాకుతాయి. అందుకే ప్రతి జాయింటూ క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేశాను. రిలే డబ్బాలోకి వెళ్ళే ముందు వైర్లని కిందికి ఉయ్యాలలా వంచాను, నీటి చుక్క ఆ వంపు దగ్గరే జారిపోవాలని. రిలేలు అవుట్‌బోర్డ్‌ల కోసమే చేసిన, నీళ్ళు చొరబడని జత సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది.

40 ఆంపియర్ల ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే. కాయిల్స్‌కి బ్యాటరీ నుంచే విడిగా సన్న వైరు, దానికి 5 ఆంపియర్ల ఫ్యూజ్. అన్నిటికంటే ముఖ్యంగా, మామ కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే అందేలా బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్. బ్యాటరీని, రిలేలని పెట్రోలు ట్యాంకుకి దూరంగా జరిపాను.

బ్యాటరీ పెద్దది కావాలా అని మామ అడిగాడు. కరకంబాడిలో బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న జిల్లా మనది, పెద్దది దొరకడం కష్టం కాదు. కానీ లెక్క చూడండి: 20 ఆంపియర్లు, 12 సెకన్లు, రోజుకి 30 సార్లు. మొత్తం 2 ఆంపియర్ అవర్లు. ఇంజన్ నడిచేటప్పుడు అదే తిరిగి నింపేస్తుంది. టిల్ట్‌కి కావాల్సింది పెద్ద బ్యాటరీ కాదు, లావు వైరు.

మామకి మూడు విషయాలు చెప్పాను. ఒకటి, ఆగకపోతే ఎదురు బటన్ నొక్కి పట్టుకుని ఐసొలేటర్ తిప్పు. రెండు, కరెంటే లేకపోతే సిలిండర్ యూనిట్ పక్కన మాన్యువల్ రిలీజ్ స్క్రూ ఉంటుంది, వదులు చేస్తే చేత్తో లేపొచ్చు. మూడు, నీళ్ళు తక్కువని ఇంజన్ మరీ పైకి పెట్టి నడపకు. ఇంజన్ కాలికి ఉన్న నీటి రంధ్రాలు బయటపడితే చల్లదనం అందక ఇంజన్ ఉడికిపోతుంది. పక్కనుంచి చిమ్మే సన్న నీటిధార కనిపిస్తున్నంత వరకే నడుపు. మూడోది వినగానే నవ్వాడు. "అది నాకు తెలీదా అల్లుడా? నీ రెండు రిలేల సంగతే నాకు తెలీదు" అన్నాడు.

మీకు రెండు ప్రశ్నలు

పేపర్ తీసుకుని ఆ సర్క్యూట్ గీయండి. మొదట ఏ బటనూ నొక్కనప్పుడు ఎలా ఉంటుందో గీయండి. తర్వాత ఒక్కొక్క కాంటాక్టూ అతుక్కుపోతే ఏమవుతుందో గీయండి. పని చేసే స్థితి చివర్న గీయండి. మనం ల్యాబ్‌లో సరిగ్గా దీనికి ఎదురు చేస్తాం, పని చేయగానే రికార్డు మూసేస్తాం.

మొదటి ప్రశ్న: 87కి బదులు 87ఏ వైపు అతుక్కుపోతే మామకి ఏం కనిపిస్తుంది? రెండో ప్రశ్న: రిలేలు లేకుండా ఒకే డీపీడీటీ స్విచ్‌తో మోటారుని తిప్పొచ్చు కదా, మరి బోటు మీద ఎందుకు వద్దు? జవాబులు క్లబ్ గ్రూపులో పెట్టండి. మొదటిదానికి నా జవాబు సరైనదో కాదో నేను మామ బోటు మీద సరిచూడదలుచుకోలేదు.

దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. ఐసొలేటర్ పక్కన బోటు పలక మీద మామ ఎర్ర పెయింట్‌తో రాయించాడు: "ఆగకపోతే ఎదురు నొక్కు, దీన్ని తిప్పు." నా సర్క్యూట్ డయాగ్రంలో లేనిది ఆ ఒక్క లైనే.